చిల్లర డబ్బులు, చిన్న సంఘాలు: నెల్లూరు నుంచి నేటాల్ దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "హాస్టలు కబుర్లూ, మాస్టార్ల మీద జోకులూ మనవాళ్ళు చాలామంది రాస్తున్నారు. నువ్వు దేశాలు తిరిగినవాడివి, ఏదైనా చరిత్ర రాయరా" అన్నాడు. నేను బాయిలర్ల ఇంజనీర్ని, చరిత్రకారుణ్ణి కాను. అయినా ఒక చరిత్ర నా దగ్గర పన్నెండేళ్ళుగా ఉంది. అది దక్షిణాఫ్రికాలోని పల్లె సంఘాలది, అంటే చిన్న చిన్న చర్చిలది. దాని మొదలు మాత్రం మన బడిలోనే ఉంది కాబట్టి అక్కడినుంచే చెబుతాను.

మాది 1984 టెన్త్ బ్యాచ్. నా బెంచీలో నా పక్కన కూర్చునే స్నేహితుడి తండ్రి ఒక పల్లెటూరి అయ్యగారు. పాస్టరును మా వైపు అయ్యగారనే అంటారు. ఆయనకు ఒక పాత సైకిలు, దాని హాండిలుకు ఒక గుడ్డసంచి, చూసుకోవడానికి ఐదు పల్లెలు ఉండేవి. ఒకసారి పరీక్ష ఫీజు కట్టడానికి ఆయన బడికి వచ్చారు. జేబురుమాలు ముడి విప్పి, పది పైసలు, పావలాలు, అర్ధరూపాయలు గుమాస్తా గారి బల్ల మీద పోసి, కూర్చుని లెక్కపెట్టారు. కిటికీలోంచి చూస్తున్న మేం నవ్వాం. అందరికంటే పైకి వినబడేట్టు నవ్వింది నేనే. మావాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ డబ్బు సంఘంలో కూలి చేసుకునే ఆడవాళ్ళు కానుక సంచిలో వేసినదని అప్పుడు నాకు తెలియదు. ఇళ్ళల్లో అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో దాచేవారనీ, వారాంతానికి ఆ పిడికెడు బియ్యమే అయ్యగారింటికి చేరేదనీ కూడా తెలియదు.

2012లో ఒక చక్కెర మిల్లు బాయిలరు పని మీద నన్ను మూడు నెలలు దక్షిణాఫ్రికా పంపారు. ఆ దేశపు తూర్పు తీరాన క్వాజులు-నేటాల్ అనే రాష్ట్రం ఉంది. డర్బన్ రేవు నుంచి సముద్రం పక్కగా ఉత్తరానికి వెళ్తే దారంతా చెరకు తోటలే. స్టాంగర్ అనే ఊరు దగ్గర నా బస. ఇప్పుడు దాని పేరు క్వాదుకుజా. జులూ రాజు షాకా రాజధాని అక్కడే ఉండేది, ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. మిల్లులో ఫిట్టరొకాయన నా పేరు చూసి, "మీరు తెలుగువారా? అయితే ఆదివారం మా సంఘానికి రండి, మాదీ తెలుగే" అని ఇంగ్లీషులో అన్నాడు. నేను క్రైస్తవుణ్ణి కానని చెప్పాను. "అందుకేం, పాట వినడానికి రండి" అన్నాడు.

వెళ్ళాను. చిన్న హాలు, నలభై మందికి మించి లేరు. ప్రార్థన, ప్రసంగం అంతా ఇంగ్లీషులోనే జరిగింది. మధ్యలో ఒక ముసలావిడ లేచి, నోటుపుస్తకం చూసుకుంటూ ఒక తెలుగు కీర్తన పాడారు. రాగం మనదే, మాటలూ మనవే. పలకడం మాత్రం కొత్తగా ఉంది. తరువాత ఆ పుస్తకం చూస్తే తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఆవిడకు తెలుగు మాట్లాడటం రాదు. అవ్వ, తాత, అన్నం, నీళ్ళు లాంటి నాలుగు మాటలు మిగిలాయి. "మా అవ్వ పాడేది, నేనూ పాడుతున్నాను. ఈ మాటకు అర్థం ఏమిటో చెబుతారా?" అని వేలు పెట్టి చూపించారు. ఆ మాట 'కరుణ'. చెప్పాను. ఆవిడ నవ్వి, "ఇన్నేళ్ళూ అది ఎవరిదో పేరనుకున్నాను" అన్నారు.

నేను నవ్వలేకపోయాను. ఆ పాట అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఆ రోజే అనుకున్నాను. సెలవు రోజుల్లో అక్కడివాళ్ళను అడిగాను, తిరిగి వచ్చాక కొంత చదివాను. ఇక రాసేది ఆ చరిత్ర.

ఓడలెక్కినవాళ్ళు

నేటాల్ అప్పుడు బ్రిటిషు వలస రాజ్యం. తెల్లవాళ్ళు చెరకు తోటలు వేశారు. జులూలకు తమ పొలాలు, పశువులు ఉన్నాయి కాబట్టి ఏళ్ళ తరబడి తోటల్లో కట్టుబడి పనిచేయడానికి వాళ్ళు ఇష్టపడలేదు. అందుకని ఇండియా నుంచి ఒప్పందం మీద కూలీలను తెప్పించారు. ఆ 'అగ్రిమెంటు' మన కూలీల నోట్లో 'గిర్మిట్' అయింది. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 342 మందితో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 1911 వరకు మొత్తం లక్షా యాభై రెండు వేల పైచిలుకు జనం అలా వెళ్ళారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాజధానివారు. తమిళులు అధికం, తరువాత తెలుగువాళ్ళు. గంజాం, విశాఖపట్నం, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల ఊళ్ళ పేర్లు ఆ ఓడ జాబితాల్లో వరుసగా కనిపిస్తాయి.

ఒప్పందం ఐదేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరుగుతుంది. తిండి, బస యజమానివే. చీటీ లేకుండా తోట దాటితే జైలు. ఓడ దిగగానే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు అన్నీ రాసుకున్నా, ఆపైన మనిషిని గుర్తుపట్టేది ఆ నంబరుతోనే.

వెళ్ళినవారిలో క్రైస్తవులు కొద్దిమంది. వారిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు బాప్టిస్టులు కొందరు. ఇక్కడ మన జిల్లా చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషను మొదటి మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. తరువాత ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ అంతకుముందు అమెరికాలో సర్వేయరు. 1876-78 నాటి ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ కులస్థులు. చదువు, గౌరవం అందని జనం. కరువు పోయినా పేదరికం పోలేదు. ఇలాంటి పల్లెల నుంచే కొందరు మద్రాసు వెళ్ళి ఓడలెక్కారు.

పిలిచింది కూలీలే

దక్షిణాఫ్రికా మిషనరీ అనగానే మనకు సోషలు పుస్తకంలోని లివింగ్‌స్టన్ గుర్తొస్తాడు. దట్టమైన అడవి, ఒంటరి దొర, జలపాతం. కానీ ఆయన కథలోనే ఇంకో సంగతి ఉంది. లివింగ్‌స్టన్ 1848లో బక్వేనా జాతి నాయకుడు సెచేలేకు బాప్తిస్మం ఇచ్చాడు. కొద్ది నెలలకే, విడిచిపెట్టిన భార్యతో మళ్ళీ సంబంధం పెట్టుకున్నాడని సెచేలేను ప్రభువు బల్లకు రాకుండా ఆపాడు. తరువాత దొర వేరే దారులు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. సెచేలే మాత్రం తన జనానికి తానే బైబిలు చదివి వినిపిస్తూ, బోధిస్తూ ఉండిపోయాడు. దొర వదిలేసి వెళ్ళిన చోట సంఘాన్ని నిలబెట్టింది ఆ ఊరివాడే.

నేటాల్ తెలుగువారి కథలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. స్టాంగర్‌కు లోపలగా కర్స్‌నీ అనే ఎస్టేటు ఉంది. యజమాని జేమ్స్ లీజ్ హ్యూలెట్. కాఫీ తోటలు తెగులుతో పోయాక ఆయన 1877లో అక్కడ తేయాకు వేయించాడు, తరువాత చెరకులోకి దిగాడు. ఆ ఎస్టేటులో తెలుగు కూలీలుండేవారు. వారిలో బాప్టిస్టులు కొందరు, తమను చూసుకునే అయ్యగారు ఎవరూ లేకుండానే కూడుకుని ప్రార్థన చేసుకునేవారు. డర్బన్‌లో ఇండియన్ల మధ్య పనిచేసే మిషనరీలు ముందునుంచీ ఉన్నారు. 1862లో వచ్చిన మెథడిస్టు రాల్ఫ్ స్టాట్ సింహళంలో పనిచేసి తమిళం నేర్చుకున్నవాడు. కానీ మనవాళ్ళకు కావలసింది తెలుగు. చివరికి తమకు ఒక పాస్టరును పంపమని స్వదేశానికి రాసి అడిగారు.

ఆ పిలుపు అందుకుని వెళ్ళినవారు జాన్ రంగయ్య గారు. నెల్లూరు మనిషి. 1903 జూన్‌లో నేటాల్ చేరారు. ఆయనను పంపింది అమెరికా దొరలు కాదు, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ. అంటే తెలుగు సంఘాలు తమ కానుకలతో తాము నడుపుకునే సంస్థ. అప్పటిదాకా మిషనరీ అంటే సముద్రం దాటి మన దగ్గరికి వచ్చేవాడే. పిడికెడు బియ్యం, అణా కానీలు వేసే పల్లెజనం తమ మనిషినొకరిని సముద్రం దాటించి పంపడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అదే ఏడాది డిసెంబరులో కర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తరువాత స్టాంగర్, డార్నల్, డర్బన్ ఇలా ఒక్కొక్కచోట సంఘాలు లేచాయి. సభ్యులు ఓడలో వచ్చిన కూలీలు, వారి పిల్లలు. తోట రిజిస్టరులో నంబరుగా ఉన్న మనిషి సంఘంలో పేరుతో ఉన్నాడు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే.

ఒక్క మనిషి, అనేక సంఘాలు

ఇంజనీరును కాబట్టి నాకు మొదట వచ్చిన సందేహం రవాణా గురించి. ఒక్క మనిషి ఇన్నిచోట్ల ఎలా తిరిగేవాడు? డర్బన్ నుంచి స్టాంగర్ దాకా తీరం వెంట రైలుంది. స్టాంగర్ నుంచి కర్స్‌నీకి హ్యూలెట్ కంపెనీ 1901లో సొంతంగా రెండడుగుల గేజి బుల్లి రైలు వేసింది. సుమారు 8 మైళ్ళు, గుట్టల మీద మెలికలు తిరుగుతూ పోయేది. ఇది తేయాకు, చెరకు మోయడానికి వేసిన దారి. ఈ రైళ్ళు దిగాక మిగిలేది చెరకు తోటల మధ్య బండిదారి, కాలినడక.

దూరం ఒక్కటే కష్టం కాదు. తోట యజమాని సొంత భూమి. ఆయన సరేనంటేనే లోపల కూడిక. హ్యూలెట్ స్వయంగా మెథడిస్టు భక్తుడు కాబట్టి కర్స్‌నీలో అది సాగింది. అన్ని తోటల యజమానులూ ఆయనలాంటివాళ్ళు కారు. ఇక కూలీకి వారంలో మిగిలేది ఆదివారం ఒక్కటే. బట్టలు ఉతుక్కోవాలన్నా, బంధువులను చూడాలన్నా, ప్రార్థనకు వెళ్ళాలన్నా ఆ ఒక్కరోజే. ఓడల్లో వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం. మన పల్లెల్లో సంఘాన్ని మోసేది ఆడవాళ్ళే. అక్కడ వాళ్ళే తక్కువ.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మనుషులు ఒకచోట నిలవకపోవడం. 1895లో ఒక చట్టం వచ్చింది. ఆ తరువాత ఒప్పందం చేసుకున్నవాళ్ళు ఐదేళ్ళు పూర్తయ్యాక తిరిగి ఇండియాకైనా పోవాలి, మళ్ళీ గిర్మిట్ అయినా రాయాలి, లేదా ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏడాది జీతంలో ఆరు నెలల డబ్బు. తరువాత పెరిగిన పిల్లలకు కూడా ఆ పన్ను వేశారు. దాంతో ఒక తోటలో పోగైన కుటుంబాలు మరో తోటకో, పట్నానికో, బొగ్గు గనులకో చెదిరిపోయేవి. ఇరవై మంది ఉన్న సంఘంలో మూడు కుటుంబాలు వెళ్ళిపోతే ఏం మిగులుతుందో లెక్క వేసుకోండి. ఆ పన్ను గాంధీ గారు నడిపిన 1913 సమ్మె తరువాతగాని, 1914లో రద్దు కాలేదు.

మరి ఈ సంఘాలు ఎలా నిలిచాయి? ఒక రంగయ్య గారు ప్రతి ఆదివారం ప్రతిచోటా ఉండలేరు. ఆయన లేని ఆదివారం పాట మొదలుపెట్టేదీ, వాక్యం చదివేదీ, జబ్బుపడిన వాళ్ళను చూసేదీ, చనిపోయిన వాళ్ళను మట్టి చేసేదీ ఆ కూలీలలోని పెద్దలే. చెదిరిపోయినవాళ్ళు పోయిన చోట నాలుగిళ్ళవాళ్ళను పోగుచేసి మళ్ళీ పాట ఎత్తుకున్నారు. సంఘాన్ని చెదరగొట్టిన పన్నే ఒక్కోచోట కొత్త సంఘానికి విత్తనమైంది.

అంతా సవ్యంగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. 1914లో ఆ సంఘాల్లో చీలిక వచ్చింది. ఒకవైపు నేటాల్ ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్, మరోవైపు రంగయ్య గారి నాయకత్వంలో ఇండియన్ బాప్టిస్టు మిషన్. తాము కట్టుకున్న సంఘాలే రెండుగా విడిపోవడం చూసి ఇరువైపులవాళ్ళూ ఎంత బాధపడి ఉంటారో! మరుసటి ఏడాది, 1915లో, రంగయ్య గారు అక్కడే కన్నుమూశారు. పన్నెండేళ్ళ పని. తరువాత తెలుగు నేల నుంచి మరికొందరు పాస్టర్లు వెళ్ళారు. 1911లో కూలీల ఓడలు ఆగాక తేయాకు తోటలు క్షీణించాయి, కర్స్‌నీ జనం తగ్గారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఇండియన్ కుటుంబాలను పాత పేటల నుంచి లేపి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ లాంటి కొత్త కాలనీలకు తోసింది. ప్రతిసారీ సంఘం మూటాముల్లె సర్దుకుని జనం వెంట నడిచింది.

భాష మాత్రం అంత దూరం నడవలేకపోయింది. బడి, కోర్టు, ఉద్యోగం అన్నీ ఇంగ్లీషులో. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నేర్పడానికి ఎంతో ప్రయత్నం చేశారు. అయినా మూడో తరానికి తెలుగు పాటల్లోకి, వంటింట్లోకి ఒదిగిపోయింది. ఆ ముసలావిడ నోటుపుస్తకంలో ఉన్నది అలా మిగిలిన తెలుగే.

తిరిగి వచ్చే ముందు ఫిట్టరు గారు నన్ను స్టాంగర్ పక్కన ఉన్న గ్రూట్‌విల్‌కు తీసుకెళ్ళాడు. అదీ అమెరికా మిషనరీలు జులూల మధ్య కట్టుకున్న పల్లె. నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆల్బర్ట్ లుథూలీ ఆ పల్లెకు నాయకుడు, బడిపంతులు, చర్చిలో ప్రసంగం చేసే మామూలు విశ్వాసి. దారిలో చెరకు తోటల మధ్య రేకుల కప్పుతో చిన్న చిన్న జులూ చర్చిలు కనిపించాయి. "వీటికి పాస్టరు ఎవరు?" అని అడిగాను. "ఒకాయనకు నాలుగైదు ఉంటాయి. వారానికొకచోటికి వస్తాడు" అన్నాడు. సైకిలు, గుడ్డసంచి, ఐదు పల్లెలు. నాకు మన బడి గుమాస్తా గారి బల్ల గుర్తొచ్చింది.

లెక్క

ఆ రాత్రి బస నుంచి మా బెంచీ స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడు మన జిల్లాలోనే ప్రభుత్వ టీచరు. తండ్రి పోయి అప్పటికి ఆరేళ్ళు. ముందు రంగయ్య గారి కథ అంతా చెప్పాను. తరువాత, "ఆ రోజు ఫీజు కట్టేటప్పుడు నవ్వాను రా, క్షమించు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "నాన్న ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? పదిహేను పైసలు తక్కువైతే గుమాస్తా గారు తన జేబులోంచి వేశారు, ఆయనకు ఇచ్చేయాలి అన్నాడు. మీరు నవ్వింది ఆయన వినలేదు. నేను విన్నాను" అన్నాడు. తరువాత వాడే మాట మార్చి, అక్కడ చెరకు టన్ను ఎంత అని అడిగాడు.

మిత్రులారా, ఈ సంచిక చివర దాతల పేర్లు ఉంటాయి. వేలు, లక్షలు ఇచ్చినవారికి మనమంతా రుణపడి ఉన్నాం. అయితే పదిహేను పైసలు వేసిన ఆ గుమాస్తా గారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. పిడికెడు బియ్యం కుండలో వేసి మావాణ్ణి టెన్త్ పరీక్ష రాయించిన ఆడవాళ్ళ పేర్లూ ఉండవు. నెల్లూరు నుంచి నేటాల్ దాకా ఒక మనిషిని నడిపించింది కూడా ఆ పేర్లు లేనివాళ్ళే. నాకు తెలిసినంతలో ఏ చిన్న సంఘమైనా, ఏ పల్లె బడైనా నిలబడేది ఇలాంటివాళ్ళ వల్లనే.

మన సంఘం సమావేశంలో ఒక మాట అడగదలచుకున్నాను. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలకు సాయపడే నిధి ఒకటి పెడదాం. పెద్ద మొత్తాలు వద్దు. పూర్వ విద్యార్థి ప్రతి ఒక్కరూ నెలకు ఒక చిన్న మొత్తం వేస్తే చాలు. ఎవరెంత వేశారో ప్రకటించవద్దు. తీసుకున్న పిల్లవాడు ఎవరో ప్రధానోపాధ్యాయులకు తప్ప ఇంకొకరికి తెలియనవసరం లేదు. కిటికీలోంచి చూసి నవ్వడానికి అక్కడ ఏమీ ఉండకూడదు.

నా మొదటి వాటా మా బెంచీ స్నేహితుడి చేతికి ఇచ్చాను. వాడు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.